పరామర్శకు రానివాడు

హనియ్యా చనిపోయినప్పుడు అల్లుడు పరామర్శకు రాలేదు. ఊరంతా వచ్చింది, వాడు రాలేదు. ఇది రెండేళ్ళ కిందటే తేలిపోయిన సంగతి. కఫ్ర్ అబూ నాసిఫ్‌లో ఏ కాఫీ కొట్టు ముందు ఎవరిని అడిగినా చెబుతారు, మెత్వల్లీ అల్లుడు వజ్దీ అత్తగారి చావుకు మొహం చూపించలేదని. అలాంటివాడు ఇవాళ, బక్రీదుకు రెండు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం, టౌను యువజన కేంద్రంలో మెత్వల్లీ ముందు నిలబడి పండక్కి పిల్లను పంపమని అడిగాడు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని అడిగాడు. ఆదివారం నమాజు అయ్యాక తీసుకెళ్ళి సోమవారం సాయంత్రం దింపుతాను మామా, మా అమ్మ కళ్ళల్లో ఒత్తులేసుకుని చూస్తోంది, సుహైర్‌తో మీరు ఒక్క మాట చెప్పండి, నాలుగింటికల్లా ఏదో ఒకటి తేలిస్తే అమ్మకి ఫోన్ చేసుకుంటాను అన్నాడు. వాడు పిల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పటికి మూడయింది.

నాలుగింటికి కేంద్రం ఆఫీసరు మేడం కరీమా రిజిస్టరు తెరుస్తుంది. పిల్లను తెచ్చినవాళ్ళది ఒక సంతకం, చూడటానికి వచ్చినవాళ్ళది ఒక సంతకం. వారానికి ఒకసారి, శుక్రవారం ఒంటిగంట నుంచి నాలుగు దాకా, ఆవరణ దాటకూడదు. కోర్టు కాగితంలో ఉన్నది అంతే. కూతురు సుహైర్‌కూ వజ్దీకీ విడాకులు కాలేదు, కాపురమూ లేదు, మధ్యలో ఈ కాగితం ఉంది. పండగల గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఇందాక మేడం కరీమాను అడిగితే, పండగ నా రిజిస్టరులో లేదు హాజీ, అది మీరూ మీరూ కూర్చుని తేల్చుకోవాలి, అన్నది. గేటుకు మాత్రం కొత్త కాగితం అతికించారు, సెలవుల వల్ల వచ్చే శుక్రవారం కేంద్రం మూసి ఉంటుందని. అంటే వచ్చే వారం వజ్దీ పిల్లను చూడడు. చూడకపోతే మెత్వల్లీ ఏం చేస్తాడు, కాగితం తను రాశాడా. నలభై ఏళ్ళు కాలవ మీద నీళ్ళ వంతులు చూసే లష్కరుగా చేసినవాడికి వంతు అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఐదు రోజులు నీళ్ళు, పది రోజులు కట్టు. పదో రోజు రాత్రి బాతును చంకలో పెట్టుకుని వచ్చి కాళ్ళు పట్టుకున్నా తూము చక్రం అర చుట్టు కూడా తిప్పేవాడు కాదు. బాతును వెనక్కి పంపేవాడు, మనిషినీ వెనక్కి పంపేవాడు. ఒక్కసారే గట్టు అవతల తడి కనిపించింది, తను జ్వరంతో పడి ఉన్న రోజుల్లో. విధవరాలు జకియ్యా నారుమడికి రాత్రికి రాత్రి నీళ్ళు వెళ్ళాయి. చక్రం తిప్పింది హనియ్యా. అరచేతుల్లో బొబ్బలు చూసి అడిగితే దాచలేదు. దేవుడు రాసుకుంటాడులే, నువ్వు రాయకు, అంది. అతను రాశాడు. తన భార్య పేరు తనే రాసి పై ఆఫీసుకు పంపాడు, జరిమానా పడింది, కట్టాడు. నెల రోజులు ఆమె అతని అన్నం ముందు పెట్టి పక్క గదిలోకి వెళ్ళి తినేది. అప్పుడు తను చేసింది సరైన పనే అనుకున్నాడు. ఇప్పుడూ అంతే అనుకోవాలి. అనుకోవడానికి ఇదివరకంత తేలిగ్గా లేదు.

మైదానం అవతల ఊయల దగ్గర వజ్దీ పిల్లకు ఫోనులో ఏదో చూపిస్తున్నాడు, ఇద్దరి తలలూ ఆనుకుని ఉన్నాయి. మిగతా తండ్రులు కొందరు గోడ నీడన కూర్చుని తమ పిల్లల ముందు చిప్స్ పొట్లాలు విప్పుతున్నారు. ఈ చోట అందరూ పొట్లాలతోనే వస్తారు, మూడు గంటల్లో ఏం చేయాలో తెలియక పిల్లలకు తినిపిస్తారు, పిల్లలు బండెక్కగానే వాంతి చేసుకుంటారు. వజ్దీ పొట్లాలు తేడు. జుట్టు దువ్వే దువ్వెన తెస్తాడు. ప్రతి శుక్రవారం రీతాల్ జడ విప్పి మళ్ళీ అల్లుతాడు, మగవాడి అల్లిక, వంకరగా ఉంటుంది, ఇంటికి వెళ్ళాక సుహైర్ దాన్ని విప్పదు, మర్నాడు పొద్దుటిదాకా అలాగే ఉంచుతుంది. అది మెత్వల్లీ చూశాడు. చూసి, చూడనట్టు టీవీ పెట్టుకున్నాడు. చూడనట్టు ఉండటం అతనికి చేతనైన విద్య. హనియ్యా గోడ పట్టుకుని నడుచుకుంటూ సందు చివరికి వెళ్ళడం కూడా అలాగే చూడనట్టు ఊరుకున్నాడు. వారానికి మూడుసార్లు, శని, మంగళ, గురు, ఆమె రక్తం శుద్ధి చేయించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూత్రపిండాలు రెండూ పోయాయి. వజ్దీకి మైక్రోబస్సు ఉంది. కాపురం చెడకముందు గుమ్మం దాకా వచ్చేవాడు. చెడ్డాక, నా గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని మెత్వల్లీ అన్నాక, సందు చివర రొట్టెల కొట్టు పక్కన ఆపుకుని ఉండేవాడు. నాలుగు నెలలు. ఆమె నల్ల ముసుగు కప్పుకుని, కూరగాయలకు వెళ్ళొస్తా అని చెప్పి, ఖాళీ సంచి పట్టుకుని వెళ్ళేది. ఖాళీ సంచితో తిరిగొచ్చేది. ఏడి కూరగాయలు అని అతను అడగలేదు. అడిగితే బండి ఆగిపోతుంది, ఆగిపోతే తను ఎక్కడి నుంచి తేవాలి బండి. అందుకని అడగలేదు. అది మంచితనం కాదు. లెక్క.

"హాజీ, పండక్కి అడిగాడా మీవాడు?"

పక్క కుర్చీలో హిషాం తల్లి. కూతురి కవల ఆడపిల్లలను ప్రతి శుక్రవారం తెచ్చే మనిషి, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ తొక్కలు చేతి రుమాల్లో పోసుకుంటుంది. అడిగాడు అన్నాడు మెత్వల్లీ.

"మావాడూ అడిగాడు. పొట్టేలు తలకాయ ఇస్తాను పట్టుకుపో, పిల్లల్ని మాత్రం ఇవ్వనన్నాను. నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"అనకు. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉండాలి. లేకపోతే మనల్నెవరు పలకరిస్తారు, చెప్పు." గింజ కొరికింది. "అయినా నీ సంగతి వేరులే. సొంత అత్త చావుకు రానివాడట. నేనైతే గేటు దాకా కూడా రానివ్వను."

నీకెవరు చెప్పారని అడగబోయి మానేశాడు. ఎవరూ చెప్పనక్కర్లేదు, మాట కాలవ లాంటిది కాదు, దానికి వంతు లేదు, తూము లేదు, ఊళ్ళో వదిలితే టౌను దాకా పారుతుంది. వదిలింది తనే. అతియ్యా దగ్గర మొదలైంది. పరామర్శ పందిరి విప్పుతున్నప్పుడు పినతండ్రి కొడుకు అతియ్యా పక్కన నిలబడి ఉంటే, చూశావా, వజ్దీ రాలేదు, అన్నాడు. అతియ్యా చేతిలో కాఫీ గిన్నె ఉంది. చక్కెర లేని కాఫీ, చావింటి కాఫీ. అతియ్యా ఆ గిన్నెలోకి చూశాడు చాలాసేపు, అందులో ఏదో పడినట్టు. తర్వాత, అవును, రాలేదు, అన్నాడు. ఆ సాయంత్రంలోపు ఊరు ఊరంతా అదే మాట అంది. అతియ్యాకు కళ్ళున్నాయి. వరసలో తన పక్కనే నిలబడ్డాడు. అందరికీ చేతులు కలుపుతూ తన తర్వాత చేయి అతియ్యాదే.

లోపలికి రాలేదు కదా. మెత్వల్లీ కుర్చీలో కదిలాడు. ప్లాస్టిక్ కాలు కిర్రుమంది. లోపలికి రానివాడు వచ్చినట్టు ఎలా అవుతుంది. పందిట్లోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఖురాన్ పారాయణ ఒక భాగమన్నా విని, కాఫీ తాగి లేస్తే, అది రావడం. వజ్దీ కూర్చోలేదు, వినలేదు, తాగలేదు. కాబట్టి రాలేదు. ఈ వాదన రెండేళ్ళుగా అరిగిపోయేదాకా వాడాడు. ఇవాళ అది నిలబడటం లేదు. ఎందుకంటే వాడు రావడం వచ్చాడు. రెండో పారాయణ మొదలయ్యే ముందు, ఇస్త్రీ చొక్కాతో, గడ్డం గీసుకోకుండా, జనం వరసలో తన వంతు కోసం ఆగి ఆగి, ముందు నలుగురు, ముందు ఇద్దరు, తర్వాత ఎదురుగా. అత్తమ్మకు మిగిలిన ఆయుష్షు మీకు దక్కాలి మామా, అన్నాడు. చేయి చాపాడు. మెత్వల్లీ తన చేతిని జేబులో పెట్టుకున్నాడు. రుమాలు వెతుక్కుంటున్నట్టు. రుమాలు రెండో చేతిలోనే ఉంది. వజ్దీ భుజం మీదుగా వెనకవాడిని చూసి, రండి హాజీ, రండి, అన్నాడు. ఆ చేయి గాల్లో ఎంతసేపు ఉంది. ఒక శ్వాస, రెండు శ్వాసలు, మూడు. తర్వాత దాన్ని వజ్దీ గుండె మీద పెట్టుకున్నాడు, తనంతట తనే ఆ పలకరింపు తీసుకున్నట్టు, వరసలోంచి పక్కకు తొలగాడు. ఇంటివాడు చేయి ఇవ్వనిదే ఎవడూ పందిట్లో కాలు పెట్టడు. రోడ్డు అవతల చెరకురసం కొట్టు మూసిన తలుపుకు ఆనుకుని, పారాయణం అంతా అయ్యేదాకా నిలబడ్డాడు. మెత్వల్లీ అటు చూడలేదు. చూడకుండానే ఎంతసేపున్నాడో తెలుసు.

ఎందుకు పెట్టుకున్నాడు చేయి జేబులో. దీనికీ ఒక జవాబు తయారుగానే ఉండేది: కూతుర్ని ఏడిపించినవాడు. కానీ సుహైర్‌కూ వాడికీ గొడవ వచ్చింది ఇల్లు మారే విషయంలో, అత్తగారితో ఒక వంటింట్లో ఉండనని ఇది, ఇప్పుడే వేరే ఇల్లు తీసుకోలేనని వాడు. ప్రపంచంలో సగం కాపురాల్లో ఉన్న గొడవ. చేయి జేబులోకి వెళ్ళింది అందుకు కాదు. చివరి రోజు పొద్దున హనియ్యా కళ్ళు తెరిచింది. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసినవాడు మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు, ఆమె అరికాళ్ళు రెండూ అతని ఒళ్ళో ఉన్నాయి, చల్లగా ఉన్నాయని రుద్దుతున్నాడు. ఆమె తల తలుపు వైపు తిప్పి, వజ్దీ వచ్చాడా, అంది. అంతే. ఆ తర్వాత మాట్లాడలేదు, సాయంత్రపు అసరు నమాజు వేళకు పోయింది. ఆఖరి మాటలో తను లేడు. ఆ మాటను అతను ఎవరికీ చెప్పలేదు. పందిరి దగ్గర ఆ ఇస్త్రీ చొక్కా ఎదురుగా వచ్చి నిలబడ్డప్పుడు ఆ మాటే లోపల తిరిగింది, చేయి దానంతట అది జేబులోకి పోయింది.

"తాతా, నీళ్ళు."

రీతాల్ పరిగెత్తుకుంటూ వచ్చి సీసా లాక్కుంది. ఆరేళ్ళది, ముందు పళ్ళు రెండు లేవు, నీళ్ళు గడ్డం మీదుగా కారాయి. నాన్నమ్మ పొట్టేలుకి నా పేరు పెట్టింది తాతా, అంది.

"పొట్టేలుకి ఆడపిల్ల పేరేంటే?"

"దానికి తెలీదుగా."

"తెలిసినా ఏం చేస్తుంది పాపం, ఆదివారం దాకానేగా."

పిల్ల సీసా దించింది. "నేను వెళ్తే కొయ్యరు. వెళ్ళకపోతే కోసేస్తారు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నా," అంది, మళ్ళీ పరిగెత్తింది.

ఎవరూ అనలేదు, నేనే అనుకున్నా. మెత్వల్లీ సీసా మూత బిగించాడు, విప్పాడు, బిగించాడు. చివరి రోజు ఏ వారం. ఎప్పుడూ ఆలోచించలేదు, చనిపోయిన తేదీ గుర్తుంది, వారం గుర్తు చేసుకోలేదు. పాతిపెట్టింది బుధవారం, బుధవారం సంత కాబట్టి జనం సంత మానుకుని వచ్చారని అందరూ చెప్పుకున్నారు. అయితే ముందు రోజు మంగళవారం. మంగళవారం బండి వచ్చే రోజు. రొట్టెల కొట్టు పక్కన వజ్దీ ఆగి ఉండే రోజు. ఆమె బండి వచ్చిందా అని అడిగింది. ఆసుపత్రికి టైమవుతోంది, బండి వచ్చిందా. అంతేనేమో. అరికాళ్ళు మొగుడి ఒళ్ళో పెట్టుకుని, వేరే ఎవరి కోసమో కాదు, వారానికి మూడుసార్లు ఎక్కే బండి కోసం అడిగింది. కావచ్చు. కాకపోవచ్చు. వజ్దీని అడిగితే చెబుతాడు, ఆ పొద్దున ఎంతసేపు ఆగాడో, ఎప్పుడు వెళ్ళిపోయాడో, రొట్టెలవాడు ఏ మాట చెప్పి పంపించాడో. మెత్వల్లీ అడగడు. రెండేళ్ళు ఒక మనిషిని శిక్షించాక, ఎందుకు శిక్షించావో వాడినే పోయి అడుగుతారా ఎవరన్నా.

పరామర్శ రోజు రాత్రి ఆడవాళ్ళ గదిలోంచి సుహైర్ బయటికి వచ్చింది, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది, నాన్నా, ఆయన వచ్చాడా, అంది. తల్లి అడిగిన మాటే, ఇంచుమించు ఆ గొంతే. రాలేదు అన్నాడు. ఆమె అప్పటికే బట్టలు సర్దుకుని ఉంది, అది తనకు తర్వాత తెలిసింది. నలభయ్యో రోజు కాగానే వెనక్కి వెళ్ళిపోతానని తల్లికి మాటిచ్చిందట. ఆ సంచి విప్పేసింది. మా అమ్మ చావుకు రానివాడి ఇంట్లో నీళ్ళు కూడా తాగను, అంది, తాగలేదు. తర్వాత మధ్యవర్తుల ఆఫీసు, ఇరుకు గది, ఫ్యాను లేదు, ముగ్గురు ఆఫీసర్లు. సుహైర్ అదే మాట అంది అక్కడ. వజ్దీ ఉలిక్కిపడ్డాడు. నేను వచ్చాను, అని మొదలుపెట్టాడు, నేను వచ్చాను సుహైర్, అని మామ వైపు తిరిగాడు. మెత్వల్లీ గోడ మీద క్యాలెండరు చదువుతున్నాడు. చిన్నప్పుడు ఊరి బడిలో ఆరో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలన్నీ ఆ క్యాలెండరు మీద ఖర్చుపెట్టాడు, నెల పేరు, కింద ఎరువుల కొట్టు పేరు, ఫోన్ నంబరు. వజ్దీ చాలాసేపు అతన్నే చూశాడు. తర్వాత తల దించుకుని, సరే, రాలేదనుకోండి, అన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు. ఆ రోజు వాడు గట్టిగా అరిచి, అతియ్యాను పిలవండి, ఊరిని పిలవండి అని ఉంటే మెత్వల్లీ ఈపాటికి వాడిని సగం క్షమించి ఉండేవాడు. అరవలేదు. ముసలివాడిని కూతురి ముందు అబద్ధాలకోరును చేయకుండా నోరు మూసుకున్నాడు. అది క్షమించడం కష్టం.

నాలుగుకు పది నిమిషాలు. వజ్దీ పిల్ల చేయి పట్టుకుని మైదానం దాటి వస్తున్నాడు, జడ వంకరగా ఉంది. పిల్లను చెప్పులు వేసుకోమని అటు పంపి, దగ్గరికి వచ్చి ఆగాడు.

"మామా."

"సుహైర్ ఒప్పుకోదు."

"మీరు చెబితే ఒప్పుకుంటుంది."

"ఏం చెప్పమంటావ్?"

వజ్దీ తన బూట్ల మీద దుమ్ము చూసుకున్నాడు. "మీకేది తోస్తే అది."

ఇంకెవరైనా అయితే ఇక్కడ, నేను వచ్చానని చెప్పండి, అనేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని అయినా చూపించేవాడు. వీడు అనడు. మెత్వల్లీ ఫోను తీసి అద్దాలు లేకుండా కూతురి పేరు వెతుక్కున్నాడు. రెండుసార్లు మోగింది.

"నాన్నా, బయల్దేరారా? దానికి ఎండ తగిలిందా?"

"లేదు. విను. పండక్కి పిల్లను పంపు. ఆదివారం వెళ్ళి సోమవారం వస్తుంది."

అవతల కుక్కరు కూత. తర్వాత ఆమె గొంతు, నెమ్మదిగా, "ఆయన అడగమన్నాడా? మీరు కూడా ఏంటి నాన్నా. అమ్మ చావుకి రానోడు. అమ్మ వాడిని కొడుకన్నది. కొడుకు, మట్టి వెయ్యడానిక్కూడా రాలేదు. వాళ్ళ అమ్మకి పండగ కావాలా? నాకు లేదా అమ్మ?"

వచ్చాడు. ఒక్క మాట. నోరు తెరిచాడు, ఆ మాట కోసమే తెరిచాడు. నాలుక మీద బరువు కూడా తెలిసింది. వచ్చాడు, నేనే చేయి ఇవ్వలేదు. ఎదురుగా వజ్దీ. పక్కన హిషాం తల్లి కొరకడం మానేసి చెవి ఇటు పెట్టింది. అవతల తను తప్ప ఎవరూ లేని కూతురు, తను కూడా లేకపోతే దానికి ఎవరు.

"మీ అమ్మ కల్లోకొచ్చింది," అన్నాడు మెత్వల్లీ. "రాత్రి. పిల్లను పంపమంది. పండగ ఆ ఇంట్లో చేసుకోనివ్వమంది."

అవతల కుక్కరు ఆగింది. తర్వాత ఊపిరి ఎగబీల్చడం. పోయినవాళ్ళు కల్లోకి వచ్చి అడిగింది ఇవ్వకుండా ఆ ఊళ్ళో ఎవరూ తెల్లారనివ్వరు, అన్నం అడిగితే అన్నం, బట్ట అడిగితే బట్ట, గుమ్మంలో నిలబెట్టి ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు. సుహైర్‌కు రెండేళ్ళుగా తల్లి ఒక్కసారి కూడా కల్లోకి రాలేదు. దాని గురించి ఏడ్చేది.

"పంపిస్తాను నాన్నా. పంపిస్తాను. అడిగిందంటే పంపకుండా ఉంటానా. ఏం కట్టుకుంది? తెల్లదేనా? మొహం ఎలా ఉంది? నాన్నా, నా గురించి అడిగిందా?"

వజ్దీ మొహంలో ఏదో మారింది. నిన్న రాత్రి కలే అయితే, ఒంటిగంట నుంచి మూడు గంటలు ఈ ముసలాయన ఎందుకు నోరు విప్పలేదో లెక్క వేసుకుంటున్నట్టు. వేసుకోనీ. చిన్నప్పుడు ఊరి మదర్సాలో షేక్ దర్దీరి తాటి మట్ట ఊపుతూ చెప్పేవాడు: రాని కలను వచ్చిందని చెప్పినవాడికి తీర్పు రోజున రెండు బార్లీ గింజలు ఇచ్చి, వీటికి ముడి వెయ్యరా అంటారు, వేసేదాకా లేవనివ్వరు, పిల్లలూ, ఎన్నడన్నా గింజకు గింజ ముడిపడిందా. పిల్లలంతా లేదు అని అరిచేవాళ్ళు. అందరికంటే గట్టిగా అరిచింది తనే.

"నాన్నా, చెప్పండి. నా గురించి ఏమంది?"

"ఇంకేం లేదు. ఇంకెప్పుడూ అడక్కు," అని ఫోను పెట్టేశాడు.

మేడం కరీమా పిలుస్తోంది. లేచి వెళ్ళి సంతకం పెట్టాడు, నెమ్మదిగా, అక్షరం అక్షరం. వజ్దీ పక్కనే పెట్టాడు. కలం కింద పెట్టి, గొంతు తగ్గించి, "మామా, అత్తమ్మ నిజంగానే..." అన్నాడు.

"సోమవారం సాయంత్రం ఆరుకి పిల్ల ఇంట్లో ఉండాలి. ఆరంటే ఆరు." మెత్వల్లీ పిల్ల చేయి అందుకున్నాడు. "ఈ సంగతి నాతో ఎత్తకు. ఈ సంగతీ, ఆ సంగతీ. నువ్వు కాదు, సుహైర్ కాదు, ఎవరూ కాదు."

గేటు దాటాడు. పిల్ల పొట్టేలు గురించి ఏదో అడుగుతూనే ఉంది. రేపు తీర్పు రోజున అక్కడ హనియ్యా ఎదురొస్తుంది, నేనెప్పుడు వచ్చాను నీ కల్లోకి, అని అడుగుతుంది, ఆ రోజు నీ చేయి ఎక్కడుంది, అని కూడా అడుగుతుంది. అడగనీ. ఒక మూలన కూర్చుని రెండు గింజలకు ముడి వేస్తూ ఉంటాడు. తల ఎత్తడు. ఆమెకు కూడా చెప్పడు.